తూనీగ పిల్లపురుగులను దూరం తీసుకెళ్లడానికి డబ్బా నిండా నీళ్లు పోయాలా?

అక్కర్లేదు, తడిపిన నాచులోనో, తడి గుడ్డ ముక్కల్లోనో పెట్టి చల్లగా ఉంచితే నిండు డబ్బాలోకన్నా అవే బాగా బతుకుతాయి.

కారణం ఆక్సిజన్. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో అది సుమారు 8 మిల్లీగ్రాములే కరుగుతుంది. లీటరు గాలిలో అంతకు 30 రెట్ల పైనే ఉంటుంది. మొప్పలు తడిగా ఉంటే చాలు, ఆ పలచని నీటి పొరలోకి గాలి నుంచి ఆక్సిజన్ దిగుతూనే ఉంటుంది. మూత బిగించిన డబ్బాలో నీళ్లు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, పురుగుకేమో అది ఇంకా ఎక్కువ కావాలి. పాపం, ఊపిరాడక పోయేవి ఇలాగే.

ఉదాహరణకు, పర్లాకిమిడి దగ్గర మహేంద్రతనయ నదిలో పట్టినవాటిని కాలేజీ ల్యాబ్ కోసం భువనేశ్వర్ తీసుకెళ్లాలనుకోండి. ఒక్కో పురుగును ఒక్కో చిన్న డబ్బాలో, ఆ నది నీటితోనే తడిపిన నాచులో పెట్టండి. కలిపి పెడితే ఒకదాన్నొకటి తినేస్తాయి, ఇది మాత్రం మర్చిపోవద్దు. మూతకు సన్నని చిల్లులు చేసి, ఐస్‌ప్యాక్‌ను గుడ్డలో చుట్టి, డబ్బాలను థర్మాకోల్ పెట్టెలో సర్దండి. ఐస్ నేరుగా తగలకూడదు. చేరాక ఒక్కసారిగా కొత్త నీళ్లలో వేయకండి, కొంచెం కొంచెంగా అలవాటు చేయండి. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లు వద్దు.

నీటిలో పుట్టింది కాబట్టి ఎన్ని నీళ్లుంటే అంత క్షేమమని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. అలాగని ఈ పద్ధతి నీటి పురుగులన్నిటికీ పనికొస్తుందని కాదు: దోమ పిల్లపురుగులు నీటిపైకి వచ్చి గాలి పీలుస్తాయి, వాటికి లోతులేని నీళ్లు, కుదుపు లేని ప్రయాణం కావాలి.