మండలి ఫలితాలు రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

శాసనమండలి ఎన్నికల ఫలితాలను, ఆ తర్వాత సభలో బలాబలాలను రాసే పని నీకు అప్పగించారని ఉత్తరంలో చదివి సంతోషించాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశావు. శాసనసభ ఫలితాలైతే ఎక్కువ స్థానాలు ఎవరికి వచ్చాయో తెలియగానే ప్రభుత్వం ఎవరిదో తేలిపోతుంది. మండలి అలా కాదమ్మా. ఈ రోజు గెలిచినవారి పక్కనే రెండేళ్ల కిందట, నాలుగేళ్ల కిందట గెలిచినవారు కూర్చుని ఉంటారు. అందువల్ల గెలుపు ఎవరిదన్నది ఒక ప్రశ్న, సభ ఎవరి చేతిలో ఉందన్నది మరో ప్రశ్న. ఈ రెంటినీ కలిపి రాసినవారే ఎక్కువగా పొరబడతారు.

ఓట్ల లెక్కింపుకు వారం ముందే ఒక పట్టిక తయారు చేసుకో. ఆంధ్రప్రదేశ్ మండలిలో 58 స్థానాలు: ఎమ్మెల్యేలు ఎన్నుకునేవి 20, స్థానిక సంస్థలవి 20, పట్టభద్రులవి 5, ఉపాధ్యాయులవి 5, గవర్నర్ నియమించేవి 8. ఒక్కో సభ్యుని పదవీకాలం ఆరేళ్లు. రెండేళ్లకోసారి మూడింట ఒక వంతు మంది దిగిపోతారు. సభ మాత్రం శాసనసభలా ఎన్నికల కోసం రద్దు కాకుండా కొనసాగుతుంది. ప్రతి పేరు ఎదుట ఆ సభ్యుడు ఏ కోటాలో వచ్చాడో, ఎప్పుడు దిగిపోతాడో, ఆ స్థానం అంతకుముందు ఎవరిదో రాసుకో. ఈ చివరి గడిని చాలామంది వదిలేస్తారు, అసలు సంగతి అక్కడే ఉంటుంది.

2025 మార్చి ఫలితాలనే తీసుకో. కృష్ణా–గుంటూరు పట్టభద్రుల స్థానంలో ఆలపాటి రాజేంద్రప్రసాద్, ఉభయ గోదావరి పట్టభద్రుల స్థానంలో పేరాబత్తుల రాజశేఖరం తెలుగుదేశం తరఫున ఘనంగా గెలిచారు. అంతటి విజయంతో మండలిలో వైఎస్సార్ కాంగ్రెస్ బలం ఎంత తగ్గిందని చూస్తే, ఒక్కటి కూడా తగ్గలేదు. ఆ రెండు స్థానాలూ అంతకుముందు పీడీఎఫ్ (ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్) చేతిలో ఉన్నవి. ఉత్తరాంధ్ర ఉపాధ్యాయ స్థానంలో గాదె శ్రీనివాసులు నాయుడు ఓడించిన సిట్టింగ్ సభ్యుడు కూడా వైఎస్సార్ కాంగ్రెస్ వ్యక్తి కాదు. గెలిచినవారి జాబితా మాత్రమే చూసి సభ స్వరూపం మారిపోయిందని రాసి ఉంటే అది తప్పుడు వార్తే అయ్యేది. ఉపాధ్యాయ స్థానాల్లో తరచుగా పార్టీల కన్నా సంఘాల పట్టే ఎక్కువ కనుక, అక్కడ గెలిచినవారిని ఏదో ఒక పార్టీ ఖాతాలో వేసే ముందు వారినే అడిగి తెలుసుకో.

స్థానిక సంస్థల కోటాలో మరో మెలిక ఉంది. అక్కడి ఓటర్లు ఎప్పుడో ఎన్నికైన కార్పొరేటర్లు, కౌన్సిలర్లు, ఎంపీటీసీ, జడ్పీటీసీ సభ్యులు. 2024లో శాసనసభలో తెలుగుదేశం కూటమికి 175లో 164 స్థానాలు వచ్చాయి. అయినా ఆ ఆగస్టులో విశాఖ స్థానిక సంస్థల ఉప ఎన్నికలో బొత్స సత్యనారాయణ ఏకగ్రీవంగా గెలిచారు. 2021 స్థానిక ఎన్నికల్లో వైఎస్సార్ కాంగ్రెస్ సాధించిన గెలుపు ఆ ఓటర్ల జాబితాలో అప్పటికి ఇంకా బతికే ఉంది. శాసనసభలో 11 మందితో ప్రతిపక్ష హోదా దక్కని పార్టీకి మండలిలో ప్రతిపక్ష నేత పదవి దక్కింది. అప్పుడు సభలో మెజారిటీ కూడా ఆ పార్టీదే.

ఇక లెక్కింపు కేంద్రంలో నీకు కావలసింది ఓపిక. 1985లో రద్దయిన మండలి 2007లో తిరిగి వచ్చేసరికి, ఓటరు అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస ఇచ్చే ప్రాధాన్య ఓట్ల లెక్కింపు చూసిన విలేకరులు మాలో దాదాపు లేరు. ఒక పట్టభద్రుల స్థానంలో తొలి ప్రాధాన్య ఓట్లలో ముందున్న అభ్యర్థి గెలిచినట్టే అని నేను రాసి పంపాను. తెల్లవారేసరికి ఎలిమినేషన్‌లో మరొకరు గెలిచారు. ఆ దిద్దుబాటు వార్త రాసిన ఉదయాన్ని నేను మరచిపోలేదు. ఒకే స్థానమున్న చోట చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి ఎక్కువ రావాలి; రాకపోతే అట్టడుగున ఉన్నవారిని ఒక్కొక్కరిగా తొలగిస్తూ వారి ఓట్లను తర్వాతి ప్రాధాన్యం ప్రకారం పంచుతారు. 2023లో పశ్చిమ రాయలసీమలో తొలి ప్రాధాన్యంలో వెనకబడిన భూమిరెడ్డి రాంగోపాల్ రెడ్డి గెలిచింది ఇలాగే. తెలంగాణలో 2021లో వరంగల్–ఖమ్మం–నల్గొండ స్థానానికి 71 మంది పోటీ చేస్తే లెక్కింపు రోజుల తరబడి సాగింది. కనుక ప్రతి రౌండులోనూ ఆధిక్యాన్నే కాకుండా, చెల్లని ఓట్లు పోగా గెలుపుకు కావలసిన ఓట్లు (కోటా) ఎన్ని, దానికి ఇంకా ఎన్ని ఓట్లు తక్కువ అన్నది కూడా రాయి.

ఎమ్మెల్యే కోటాలో ఈ లెక్క మరింత సూక్ష్మం. 2023 మార్చిలో ఏడు స్థానాలకు 175 మంది ఓటేశారు. ఒక్కో ఓటు విలువ 100 చొప్పున మొత్తాన్ని ఎనిమిదితో (స్థానాల సంఖ్యకు ఒకటి కలిపి) భాగించి, శేషం వదిలేసి ఒకటి కలిపితే 2,188; అంటే 22 మంది ఓట్లు చాలు. నలుగురు దూరమై 19 మందితో మిగిలిన తెలుగుదేశం తరఫున పంచుమర్తి అనురాధకు 23 ఓట్లు వచ్చాయి. మరునాడు వైఎస్సార్ కాంగ్రెస్ తన ఎమ్మెల్యేలు నలుగురిని సస్పెండ్ చేసింది. రహస్య ఓటింగ్ కనుక ఫలానావారు ఇటు వేశారని నీ అంతట నువ్వు రాయకు. పార్టీ చర్యను పార్టీ చర్యగానే రాయి.

బలాబలాల గురించి రాసేటప్పుడు ఆ బలంతో సభ ఏమి చేయగలదో కూడా చెప్పాలి. మండలి ప్రభుత్వాన్ని పడగొట్టలేదు, ఎందుకంటే మంత్రివర్గం జవాబుదారీ శాసనసభకే. మామూలు బిల్లును మూడు నెలలు ఆపగలదు, శాసనసభ మళ్లీ ఆమోదిస్తే మరో నెల. ద్రవ్య బిల్లునైతే 14 రోజులే. అది చిన్న అధికారమని తీసిపారేయకు. 2020 జనవరి 22న మూడు రాజధానుల బిల్లులను ఛైర్మన్ ఎం.ఎ. షరీఫ్ పరిశీలన కోసం సెలెక్ట్ కమిటీకి పంపినప్పుడు ఆగ్రహించిన శాసనసభ ఐదు రోజుల్లోనే మండలి రద్దును కోరుతూ 133–0 తీర్మానం చేసింది. ఆ బిల్లులకు గవర్నర్ ఆమోదం దొరికింది జూలై 31నే. మరుసటి ఏడాది మండలిలో మెజారిటీ తన వైపు తిరిగాక, 2021 నవంబరులో ఆ వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వమే రద్దు తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. మండలి బలమంతా కాలాన్ని ఆపడంలో ఉంది, ఆ కాలం విలువ ఆపిన బిల్లును బట్టి ఉంటుంది.

పట్టభద్రుల తీర్పే రాష్ట్ర తీర్పు అని రాయవద్దు. 2023లో మూడు పట్టభద్రుల స్థానాలూ తెలుగుదేశానికి దక్కాయి, మరుసటి ఏడాది రాష్ట్రమూ దక్కింది. కానీ తెలంగాణలో 2021లో రెండు పట్టభద్రుల స్థానాలూ గెలిచిన టీఆర్ఎస్ 2023లో అధికారం కోల్పోయింది. ఈ ఓటరుకు డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటి ఉండాలి. పైగా పనిగట్టుకుని నమోదు చేసుకోవాలి. డిగ్రీ లేని రైతు, కూలీ, చదువుకోని తల్లి ఆ జాబితాలో లేరు.

చివరగా రాజీనామాల సంగతి. సభ్యుడు పదవికి రాజీనామా చేశానని విలేకరుల ముందు ప్రకటించినా, ఛైర్మన్ దాన్ని ఆమోదించేవరకూ ఆ స్థానం ఖాళీ కాదు. నీ పట్టికలో వాటికి వేరే గడి పెట్టు. లెక్కింపుకు ముందు రోజు ఆ పట్టికను నాకు పంపితే, రాత్రి ఎంతవేళైనా కూర్చుని ఒక్కో పేరూ సరిచూసి పంపుతాను.

ఇట్లు,
పెదనాన్న