పరాయి తీరానికి బయలుదేరుతున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

ఉష్ణమండలపు దీవిలో, పడవ తప్ప మరో దారి లేని మత్స్యకార గ్రామంలో ఏడాది ఉండి పుస్తకం రాస్తానని నీ ఉత్తరంలో చెప్పావు. దానితో పంపిన నాలుగు పేజీలు రెండుసార్లు చదివాను. అందులో సూర్యాస్తమయం ఉంది, నవ్వే పిల్లలున్నారు. వల ఎవరిదో, పడవ ఎవరి అప్పుతో వచ్చిందో, ఆ రోజు పడిన చేప ఎన్ని వాటాలైందో మాత్రం లేదు. వాక్యం నీకు బాగా పట్టుబడింది కనుక శైలి జోలికి పోను. అక్కడ ఎలా ఉండాలో చెబుతాను, ఎందుకంటే పరాయి ఊరి గురించి రాసేవారి లోపాలు చాలావరకు ఆ ఊళ్లో వారు బతికిన తీరులోంచే పుడతాయి.

ముందు నీ గడియారం పక్కన పెట్టు. సముద్రపు పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి, నీరు చూసుకుని కదిలే పడవ ఈ వారం తెల్లవారకముందే బయలుదేరితే వచ్చే వారం పొద్దెక్కాక బయలుదేరుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ నీరు ఎక్కువగా ఎక్కి, అంతే ఎక్కువగా తీస్తుంది. ఆ రోజుల్లో ఊరి తీరే మారిపోతుంది. రాబర్ట్ జొహానెస్ అనే సముద్ర జీవశాస్త్రవేత్త 1970లలో పసిఫిక్ సముద్రంలోని పలావు దీవుల మత్స్యకారుల దగ్గర కూర్చుని, ఏ చేప ఏ తిథికి గుడ్లు పెట్టడానికి గుంపు కడుతుందో అడిగి రాసుకున్నారు. వారికి తెలిసినన్ని చేపల వివరాలు అప్పటి శాస్త్ర గ్రంథాలన్నీ వెదికినా దొరకలేదని 1981లో వెలువడిన పుస్తకంలో ఆయన చాటారు. నువ్వు కూడా అడగడానికే వెళ్తున్నావని గుర్తుంచుకో.

మానవ శాస్త్రవేత్తలైన రేమండ్ ఫిర్త్, రోజ్‌మేరీ ఫిర్త్ దంపతులు 1939-40లో మలయా (నేటి మలేషియాలో భాగం) ఈశాన్య తీరాన కెలంతాన్‌లో మత్స్యకారుల మధ్య ఉన్నారు. ఆయన పడవల, వాటాల లెక్కలు రాస్తుంటే, ఆమె ఇళ్లలోని రోజువారీ ఖర్చులు రాశారు. రెండూ కలిస్తేనే ఊరు కనిపిస్తుంది. ఒడ్డున నిలబడి పడవలనే చూసే రచయితకు సగం వేట కనిపించదు: చేప ఏరేది, ఉప్పు వేసేది, ఎండబెట్టేది, నీరు తీసినప్పుడు బురదలో నత్తలూ గుల్లలూ ఏరేది, అమ్మేది ఎక్కువగా స్త్రీలే. ఉష్ణమండలపు ఎండలో చేప కొన్ని గంటల్లోనే పాడవుతుంది. అందుకే మంచుగడ్డ ఎవరి చేతిలో ఉంటే ధర వారి చేతిలో ఉంటుంది, ముందుగా డబ్బిచ్చిన వ్యాపారి చెప్పిందే రేటవుతుంది. ఈ సంగతి తెలియకుండా ఆ ఊరి పేదరికం గురించి ఒక్క వాక్యం కూడా రాయవద్దని నా ప్రార్థన.

కెలంతాన్‌లో జురు సెలామ్ అనే నిపుణుడు ఉండేవాడు. పడవ పక్కన నీటిలోకి దిగి, తల ముంచి, చేపల చప్పుడు విని, వల వేయాలా వద్దా అన్నది అతడే తేల్చేవాడు. అలా వినడం నేర్చుకోవడానికి ఎన్నేళ్లు పట్టి ఉంటుందో ఆలోచించు.

ఇక పరాయితనం సంగతి. మడగాస్కర్ పడమటి తీరంలోని వేజో ప్రజల మధ్య ఉన్న మానవ శాస్త్రవేత్త రీటా అస్తూతి 1995లో రాసిన మాట నాకు చాలా ఇష్టం: వేజో కావడానికి పుట్టుక అక్కర్లేదు, సముద్రపు పని చేస్తూ నేర్చుకుంటే వేజో అవుతారని వారు నమ్ముతారు. అన్ని తీరాలూ నిన్ను అలా కలుపుకోవు. కలుపుకున్నా ఒక తేడా మిగిలే ఉంటుంది: తుఫాను వచ్చినా, జ్వరం వచ్చినా నీకు వెళ్లిపోయే దారి ఉంది, వారికి లేదు. ఆ తేడాను దాచకుండా రాయి.

నా తప్పొకటి చెప్పాలి. నేను ఏడాదిన్నర ఉన్న ఊళ్లో ఒక పెద్దాయన నన్ను నమ్మి, నెలలో కొన్ని రోజులు మాత్రమే చేప గుంపు కట్టే రాతి దిబ్బకు తీసుకెళ్లారు. తీరం నుంచి ఎంత దూరమో, ఏ కొండను గుర్తుగా పెట్టుకుని వెళ్లాలో పత్రికలో అందంగా రాశాను. మరుసటి ఏడు బయటి పడవలు అక్కడికి వచ్చాయి. గుడ్లు పెట్టడానికి చేరిన గుంపును పట్టేస్తే ఆ దిబ్బ కొద్ది ఏళ్లలోనే ఖాళీ అవుతుంది, అదే జరిగింది. ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ వ్యాసాన్ని మళ్లీ ఏ సంపుటిలోనూ చేర్చలేదు.

రెండు నోటు పుస్తకాలు ఉంచుకో, ఒకటి వారి కోసం, ఒకటి నీ విసుగు కోసం. విసుగు తప్పక వస్తుంది. న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల గురించి అంత ఓపికగా రాసిన మానవ శాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ డైరీ ఆయన పోయిన 25 ఏళ్లకు, 1967లో, అచ్చయినప్పుడు అందులో ఇంటి బెంగ, చుట్టూ ఉన్నవారిపై కోపం చూసి చాలామంది నివ్వెరపోయారు. నాకు మాత్రం ఆ మనిషిపై నమ్మకం పెరిగింది. కోపాన్ని డైరీకే వదిలి, రాతప్రతిలోకి రానివ్వకు.

మలేరియా మందుల సంగతి వెళ్లేముందే వైద్యుణ్ణి అడుగు. పగడపు రాయి గీసుకుంటే వెంటనే కడుగు.

తొలి ప్రతి పూర్తయ్యాక నువ్వున్న ఇంటివారికి, వారి భాషలో, చదివి వినిపించు. వారు తీసేయమన్నది తీసేసి, ఆ తర్వాతే నాకు పంపు. ఎంత ఆలస్యమైనా ఎదురుచూస్తాను.

శుభం కోరుతూ.