తప్పుకుంటున్న వలంటీరుకు కండువా కప్పండి, తాళాలు కూడా తీసుకోండి

ప్రశ్న: మాది ఆమదాలవలస. తెలుగులో అక్షరదోషాలు పట్టే ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన) యాప్‌ను ఏడుగురం నడుపుతున్నాం. ఎనిమిదేళ్లుగా దాదాపు ఒంటిచేత్తో దాన్ని చూసుకున్న మా మిత్రుడు ఇంటి బాధ్యతలు పెరిగి ఈ నెలాఖరున తప్పుకుంటున్నాడు. పొందూరు ఖద్దరు కండువా కప్పి సత్కరిస్తాం. అందరి ఫొటోలతో ఈ-కార్డు కూడా చేద్దామని ఒక యాప్ వేసుకుంటే కాంటాక్టులు, మెసేజ్‌లు చూసే పర్మిషన్ అడుగుతోంది. ఇవ్వొచ్చా?

జవాబు: వద్దు. కార్డు చెయ్యడానికి మెసేజ్‌లతో పనేముంది? మీ బ్యాంకు ఓటీపీలు వచ్చేది అక్కడికే. అది తీసేసి లిబ్రేఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక పేజీ చేసి, పీడీఎఫ్‌గా పంపండి. పండక్కి, పెళ్లికి, వీడ్కోలుకి శుభాకాంక్షలు చేసిపెట్టే ఈ రకం యాప్‌లు దాదాపు అన్నీ అవసరానికి మించి అడుగుతాయి. ఆప్యాయత పొంగిన వేళ ఎవరూ చదవకుండా 'అలో' నొక్కేస్తారని వాటిని తయారుచేసేవాళ్లకు తెలుసు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

కానీ మీ ఉత్తరంలో 'ఒంటిచేత్తో' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. యాప్ స్టోర్ ఖాతా ఎవరి మెయిల్ మీద ఉంది? డొమైన్‌కు, అంటే సైటు చిరునామాకు, ఏటా డబ్బు ఎవరి కార్డు నుంచి వెళ్తోంది? ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తోంది? అన్నిటికీ అతని పేరే జవాబైతే, కండువా కప్పే రోజుకు ముందే కూర్చుని మాట్లాడండి. 'ఆయన వెళ్లాక అప్‌డేట్లు ఆగిపోయాయి, పాస్‌వర్డ్ ఎవరికీ తెలీదు' అని విజయనగరం నుంచి, పలాస నుంచి, ఎక్కడెక్కడి నుంచో నాకు ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. నేను రోజూ వాడిన ఒక తెలుగు టైపింగ్ సైటు ఇలాగే పోయింది. డొమైన్ గడువు దాటింది, ఎవరో కొనుక్కున్నారు, మరుసటి వారం తెరిస్తే అప్పులిచ్చే యాప్‌ల ప్రకటనలు. ఆ డొమైన్ మీద మెయిల్ ఐడీలు కూడా ఉంటే ప్రమాదం ఇంకా పెద్దది. కొత్తగా కొన్నవాడు అవే ఐడీలు మళ్లీ సృష్టించి, పాస్‌వర్డ్ మర్చిపోయానని నొక్కి, మీ ఖాతాల్లోకి దర్జాగా వస్తాడు. ఫోన్ నంబరు సంగతీ అంతే. మన దేశంలో కనెక్షన్ రద్దయిన నంబరును 90 రోజులు దాటాక మరొకరికి ఇవ్వొచ్చు.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది మాత్రం తాళాలు అందుకునే చెయ్యి. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే కంప్యూటర్లలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాధనం ఉంది. దాన్ని ఏళ్ల తరబడి ప్రధానంగా ఒక్కరే, జీతం లేకుండా చూసేవారు. 2022లో 'పని నెమ్మదిగా ఉంది, వేరేవాళ్లకు అప్పగించు' అని ఆయన మీద ఒత్తిడి మెయిళ్లు వచ్చాయి. తన మానసిక ఆరోగ్యం బాగోలేదని, ఇది తీరిక వేళల్లో చేసే పనని ఆయన చెప్పుకోవాల్సి వచ్చింది. అప్పటికే జియా తాన్ పేరుతో ఒకరు ఓపిగ్గా సాయం చేస్తూ నమ్మకం సంపాదించుకుంటున్నారు. చివరికి విడుదల చేసే అధికారం ఆ చేతికి చేరింది. 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలో కంప్యూటర్లలోకి రహస్యంగా చొరబడే దొంగదారి వచ్చింది. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూడబట్టి, ఆ మార్చి నెలాఖరులోనే అది బయటపడింది. అలసిపోయిన మనిషిని ఒంటరిగా వదిలేస్తే జరిగేది ఇదీ.

అందుకే 'నేను చూసుకుంటాను' అని ముందుకొచ్చిన కొత్త మనిషికి తాళాల గుత్తి మొత్తం ఇచ్చెయ్యకండి. మీ ఏడుగురిలో ఇద్దరు పంచుకోండి. ఒకరు రాసిన కోడ్‌ను మరొకరు చూడకుండా విడుదల చెయ్యకండి. అప్‌డేట్ మీదేనని రుజువు చేస్తూ యాప్‌కు డిజిటల్ సంతకం చేసే కీ ఫైలు అతని ల్యాప్‌టాప్‌లోనే ఉంటే ఈ వారమే రెండు చోట్ల భద్రం చెయ్యండి. అప్పగింతలు పూర్తయ్యాక అతని అధికారాలు తీసెయ్యండి. మొహమాటపడొద్దు, అతను నొచ్చుకోడు. రేపు అతని ల్యాప్‌టాప్ పోయినా నింద అతని మీదికి రాదు. వలంటీర్లు తయారుచేసే డెబియన్ అనే లినక్స్ రకంలో విరమించిన డెవలపర్లకు 'ఎమెరిటస్' అన్న గౌరవ స్థానం ఉంటుంది, అధికారాలు ఉండవు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష సృష్టికర్త గైడో వాన్ రోసమ్ 2018లో పగ్గాలు వదిలినప్పుడు వారసుణ్ణి తాను నియమించలేదు. డెవలపర్లే చర్చించుకుని, మరుసటి ఏడాది మొదట్లో ఐదుగురి మండలిని ఎన్నుకున్నారు.

ఇక కార్డులో ఏం రాయాలంటారా? 'మీ సేవలు మరువలేనివి' అని రాస్తే అది ఎవరి కార్డైనా కావచ్చు. మీ కోడ్ దాచుకునే రిపాజిటరీలో మార్పుల చరిత్ర తెరవండి, ఎనిమిదేళ్ల పని తేదీలతో సహా అక్కడుంటుంది. ఏ అర్ధరాత్రి ఏ ఒత్తు సరిచేశాడో, ఎవరు తిట్టినా ఏ బగ్ మూసేదాకా నిద్రపోలేదో వెతికి రాయండి. అతనికి ఇష్టమైతే వచ్చే వెర్షన్‌ను అతని పేరున అంకితం చెయ్యండి. డెబియన్ 9ను దాని స్థాపకుడు ఇయాన్ మర్డాక్‌కు అంకితం చేశారు, కానీ అప్పటికి ఆయన లేరు. మీ మిత్రుడు ఆ పేజీని తానే చదువుకుంటాడు.

ఒక మాట వాడేవాళ్లకు కూడా. పైసా కట్టకుండా వాడుతూ, అప్‌డేట్ వారం ఆలస్యమైతే ఒక్క నక్షత్రం ఇచ్చి తిట్టే రివ్యూలు చాలా చదివాను. డబ్బు తీసుకుని అమ్మిన ఫోన్లు రెండేళ్లకే అప్‌డేట్లు ఆపేస్తే నోరెత్తని మనం, ఊరికే పనిచేసిపెట్టే మనిషి మీద విరుచుకుపడతాం. చాలామంది తప్పుకునేది పని బరువు వల్ల కాదు, ఆ మాటల వల్ల.

మీ యాప్‌లో 'సహాయం' పేజీ కూడా చూడండి. అక్కడ ఇంకా అతని ఫోన్ నంబరే ఉంటే, కండువా కప్పే రోజు ఉదయమే తీసెయ్యండి.