చర్చావేదిక పెడుతున్నావని తెలిసి

తిరుపతి

చిరంజీవి చిట్టితల్లికి,

పెద్దనాన్న ఆశీస్సులు. యూనివర్సిటీ పిల్లలతో కలిసి ఇక్కడ ఆదివారాల్లో చర్చావేదిక నడపబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. అన్ని పార్టీల వాళ్లనూ, దేవుడున్నాడనే వాళ్లనూ లేడనే వాళ్లనూ ఒకే గదిలో కూర్చోబెడతావట. మా తమ్ముడి కూతురు ఇంత పనికి పూనుకుందని గర్వంగా ఉంది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

హాలు ముందుగా మాట్లాడుకో. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు ఇవ్వు. సగం మాట కత్తిరించి వాట్సాప్‌లో తిప్పేవాళ్లుంటారు, వీడియో మొత్తం మీరే తీసుకోండి. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది ఒకటుంది. 1985లో మా ఈడు వాళ్లు ఇక్కడ ఇలాంటి వేదికే నడిపారు. అధ్యక్షుడు చాలా మంచివాడు. ఎవరి మాటకూ అడ్డు తగలకపోవడం ఆయనకు ఒక వ్రతం. ఆ జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులను చంపారు. తర్వాతి సమావేశంలో అందరిదీ అదే మాట. ఒక పెద్దమనిషి లేచి, ఇదంతా రిజర్వేషన్ల వల్లే వచ్చిందన్నాడు. తప్పు మాటే, అయినా జవాబు చెప్పదగిన మాట. అంతటితో ఆగలేదు. మూడో వరసలో నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటున్న కుర్రవాడి వైపు తిరిగి, "నీది ఏ ఊరు? మీ వాళ్లు ఎవరి పొలంలో పని చేస్తారు?" అని అడిగాడు. కుర్రవాడు పలకలేదు. "నువ్వు కూడా మా సరసన కూర్చున్నావా, లే" అన్నాడు. అందరూ అధ్యక్షుడి వైపు చూశారు. ఆయన గడియారం చూసి, ఇంకో నిమిషం ఉంది, పూర్తి చేయనివ్వండి అన్నారు. కుర్రవాడు కలానికి మూత పెట్టి, పుస్తకం మూసి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. అతనితో వచ్చేవాళ్లూ రాలేదు.

ఆ బాధతో అధ్యక్షుడు రిజర్వేషన్లను వ్యతిరేకించే వాళ్లెవరూ రాకూడదన్నారు. ఇక మిగిలినవాళ్లు ఒకరి మాటకు ఒకరు తలలూపుకుంటూ కూర్చున్నారు. ఏడాది తిరక్కుండానే వేదిక మూతపడింది. ఆపవలసిన రోజు ఆ చేష్టను ఆపలేదు. ఆ తర్వాత అభిప్రాయాన్నే ఆపేశారు. గొడవపడి వెళ్లినవాడు మళ్లీ వస్తాడు తల్లీ, మాట్లాడకుండా వెళ్లినవాడి గురించే నా భయమంతా.

హద్దు లేని సహనం చివరికి సహనాన్నే మింగేస్తుందని తత్వవేత్త కార్ల్ పాపర్ 1945లో రాశారు. ఆ ఒక్క ముక్కనే అందరూ చెబుతారు. వాదనతో ఎదుర్కోగలిగినంత కాలం అలాంటి మాటలను అణచడం తెలివితక్కువ పని అని కూడా ఆయనే అన్నారు. వాదన వినవద్దని తన వాళ్లకు చెప్పి పిడికిలి బిగించేవాడిని మాత్రమే ఆపమన్నారు. మన రాజ్యాంగం 19వ అధికరణంలో మాట్లాడే హక్కు ఇస్తూనే, నేరానికి ఉసిగొల్పే మాటకు అడ్డుకట్ట వేయవచ్చంది. రిజర్వేషన్లు వద్దనేవాడిని పూర్తిగా మాట్లాడనివ్వు. "రిజర్వేషన్‌లో సీటు తెచ్చుకున్న నీకు మాటెందుకు" అన్న క్షణాన ఆపు. గడియారం చూడకు.

ఇంకో మాట, కోప్పడకు. నచ్చని మాట వినగానే ముఖం తిప్పుకుంటావు నువ్వు. పోయిన సంక్రాంతికి మీ మామయ్య తన పార్టీ గురించి చెబుతుంటే పళ్లెం పట్టుకుని లోపలికి వెళ్లిపోయావు. అధ్యక్ష స్థానంలో కూర్చున్నాక అలా కుదరదు. మనిషి మీద ముద్ర వేసేయకు. మన చిత్తూరు వారైన కట్టమంచి రామలింగారెడ్డి 1923లో మద్రాసు శాసనసభలో తాను ఉండి వచ్చిన జస్టిస్ పార్టీ ప్రభుత్వం మీదే అవిశ్వాస తీర్మానం పెట్టారు. ఇవాళ నీకు ఎదురు నిలిచినవాడు రేపు ఎటు నిలుస్తాడో నీకేం తెలుసు? నువ్వు కోపంగా ఉన్నా అందంగానే ఉంటావులే, నీ కోపం నాకు ముద్దే. ఎదుటివాడికి కాదు.

మొదటి సమావేశానికే కులం, మతం పెట్టుకోకు. మద్యనిషేధం పెట్టు. 1938లో అప్పటి మన చిత్తూరు జిల్లాలో వచ్చింది. 1995లో రాష్ట్రమంతటా పెట్టి, 1997లో సడలించారు. దాని మీద ప్రతి ఇంట్లో ఒక అభిప్రాయం ఉంటుంది, ఎవరి పుట్టుకా చర్చకు రాదు. రెండు మూడు వారాలు అలా నడిచి, మనుషులు ఒకరి గొంతుకు ఒకరు అలవాటు పడ్డాక రిజర్వేషన్ల అంశం తీసుకో. ఆ రోజు నీ పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకో. నీ గొంతు పూడుకుపోతే సభను ఆపగలిగే మనిషి అయి ఉండాలి. ఎవరిని అనుకుంటున్నావో ముందు నాకు రాయి.

నీ పెద్దనాన్న