జాజు, సున్నం, తోలుబొమ్మ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె. బడి ప్రహరీ 40 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు. పోయినేడు పిల్లలతో ఎర్రమన్ను కలిపి మా వైపు చెట్లు, పిట్టల బొమ్మలు వేయించాం. తొలి వానకే కారిపోయాయి. ఆయిల్ పెయింటు వద్దనుకుంటున్నాం. మన్ను రంగులే నిలవాలంటే ఏం చేయాలండీ?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: ఉత్త మన్ను పూస్తే, నీళ్లు ఆరాక దాన్ని గోడకు పట్టి ఉంచేదేమీ ఉండదు. తుమ్మబంక కలిపినా అది లోపలి గోడలకే, వానకు కరుగుతుంది. బయటి గోడకు సున్నమే దారి.

ముందు గోడ సంగతి చూడండి. పాత డిస్టెంపరో ఎమల్షనో ఉంటే సిమెంటు తేలేదాకా గీకాల్సిందే. ఆ పొర మీద సున్నం నిలవదు, పెచ్చులై లేస్తుంది. నేల నుంచి అడుగున్నర మేర బొమ్మలు వేయకండి. చవుడు అక్కడిదాకా ఎక్కుతుంది, వాన చిందులూ అక్కడే పడతాయి. ఆ మేరకు జాజు (ఎర్రమన్ను రంగు) పట్టీ పూసి, ఏటా మళ్లీ పూసుకుంటే సరిపోతుంది.

మీ గోడకు మూడు పూతలకైనా పది కిలోల కాల్చిన సున్నపు గడ్డలు చాలు. ఇనప డ్రమ్ములో 50 లీటర్ల నీళ్లు పోసి, గడ్డలు కొద్దికొద్దిగా నీళ్లలో వేయాలి. గడ్డల మీద నీళ్లు పోస్తే ఎగజిమ్మి కళ్లలో పడుతుంది. ప్లాస్టిక్ బకెట్టయితే ఆ వేడికి మెత్తబడిపోతుంది. ఈ పని పెద్దవాళ్లదే, పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. కనీసం ఒక రోజు నాననిచ్చి గుడ్డలో వడగట్టండి. బోరునీళ్లు ఉప్పగా ఉంటే వాడొద్దు. ఆరాక ఉప్పు పైకి తేలి రంగును రాల్చేస్తుంది.

రంగుకు అంగట్లో దొరికే జాజు మేలు. చేలో మన్నే కావాలంటే బకెట్టు నీళ్లలో కలిపి, నిమిషం ఆగి, పైనున్న ఎర్రనీళ్లు వేరే పాత్రలోకి వంచుకోండి. ఇసుక అడుగున ఉండిపోతుంది. వంచిన నీళ్లు రాత్రంతా కదపకుండా ఉంచితే సన్నటి మడ్డి దిగుతుంది. మనకు పనికొచ్చేది అదే. నానబెట్టకముందు తూకంలో సున్నం కిలోకు రంగు 100 గ్రాములు దాటితే గోడ మీద చేయి పెట్టగానే అంటుకుంటుంది. అందుకే సున్నంలో కలిపిన రంగులు లేతగానే వస్తాయి. ముదురు ఎరుపు కావాలంటే ఆఖరి సున్నం పూత ఇంకా తడిగా ఉండగానే, నీళ్లతో నూరిన జాజును దాని మీద వేయండి. సున్నం గట్టిపడుతూ రంగును తనలో పట్టేస్తుంది. తడి ఆరిన చోట వేస్తే రాలుతుంది కాబట్టి, తడి ఆరేలోపు పూర్తిచేయగలిగినంత మేరే పూత వేసుకోండి. పసుపు మాత్రం కలపొద్దు. సున్నం తగిలితే ఎర్రబడుతుంది, పారాణి చేసుకునేది అట్లాగే కదా! పైగా ఎండకు వెలిసిపోతుంది. నలుపుకు మసి వాడితే, అది నీళ్ల మీద తేలిపోతుంది. ముందు కాస్త బంకనీళ్లతో ముద్దగా నూరి, ఆ తర్వాత కలపండి.

సున్నం ఆరడం వేరు, గట్టిపడటం వేరు. గాలి తగులుతూ నెమ్మదిగా గట్టిపడాలి. ఎండాకాలంలో వేస్తే గంటలో ఆరి పొడిపొడిగా రాలుతుంది. వానలు వెనకబట్టాక, డిసెంబరు, జనవరి ఉదయాల్లో, గోడ తడిపి మొదలుపెట్టండి. తర్వాత నాలుగు రోజులు సాయంత్రం పూట సన్నగా నీళ్లు చిలకరించండి. పిల్లలు బొగ్గుతో గీతలు గీయవచ్చు. రంగు వేసేటప్పుడు రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. నానిన సున్నమైనా చర్మాన్ని కాలుస్తుంది.

ఏ పిట్ట వేయాలన్న ఆలోచన ఉంటే, చిలమత్తూరు మండలం వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగలున్నాయి. వాటిని సైబీరియా కొంగలంటారు గానీ అవి మన దేశపు పక్షులే. ముక్కు పసుపుపచ్చగా, కొసన కొంచెం వంగి ఉంటుంది. రెక్క వెనక గులాబీ ఛాయకు సున్నంలో చిటికెడు జాజు చాలు.

ప్రశ్న: మా యువజన సంఘం తరఫున తోలుబొమ్మలాట కళాకారులతో రెండు రోజుల శిక్షణ పెట్టాలనుకుంటున్నాం. అంతలో పిల్లలు తలా ఒక బొమ్మ చేయగలరా?
– అనంతపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: తోలుతో చేయలేరు. మేకతోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి కట్టి ఆరబెట్టి, వెలుతురు దాటేంత పలచన చేయడానికే రోజులు పడుతుంది. ధర్మవరం మండలం నిమ్మలకుంట కళాకారులు ఇంటిల్లిపాదీ ఆ పనిలో ఆరితేరినవాళ్లు. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలు, ఉలి వాళ్ల చేతిలో చూడనివ్వండి, పిల్లల చేతికి మందపాటి డ్రాయింగు షీటు ఇవ్వండి.

వరస ముఖ్యం. బొమ్మ గీసి, నగల చోట చిల్లులు కొట్టి, రెండువైపులా రంగు వేసి, అది బాగా ఆరాక కొబ్బరినూనె రాయాలి. నూనె ముందు రాస్తే నీళ్ల రంగు పట్టదు. నూనె పీల్చిన కాగితం వెలుతురును రానిస్తుంది. భుజం, మోచేయి విడిగా కత్తిరించి దారంతో కలిపి, ఇరువైపులా ముడి వేయండి. ముడి బిగిస్తే చేయి ఆడదు, కొంచెం వదులుండాలి. నడుమ నిలువునా వెదురుబద్ద, చేతికో సన్నపుల్ల. తెర తెల్ల పంచె. బొమ్మను తెరకు ఆనించి ఆడించాలి, జానెడు వెనక్కి జరిగినా అలుక్కుపోయి కనిపిస్తుంది.

ఇంకొక మాట. రామాయణం ఆడే వాళ్లను పిలిచి, పావుగంటలో పథకాల ప్రచారం చేయమనకండి. రాత్రి ఒక ఘట్టమైనా పూర్తిగా ఆడించి, రెండు రోజుల కూలీ కాకుండా ఆటకు వేరే సంభావన ఇవ్వండి.

ప్రశ్న: ముద్దనూరు దగ్గర చింతకుంట రాతిచిత్రాల దగ్గరికి పిల్లలను తీసుకెళ్తున్నాం. నీళ్లు చల్లితే బొమ్మలు బాగా కనిపిస్తాయంటున్నారు. కాగితం ఆనించి గీయించవచ్చా?
– కడప జిల్లా పాఠకురాలు

జవాబు: రెండూ వద్దు. తడిపితే క్షణంసేపు మెరుస్తాయి, నిజమే. కానీ నీళ్లు రాతిలోని ఉప్పును కరిగించి పైకి తెస్తాయి. ఆరినకొద్దీ బొమ్మ మీద తెల్లటి పొర కడుతుంది. వేలి జిడ్డు, సుద్దముక్క గీతలు కూడా అంతే చెరుపు. వేళ్లు తగలనంత దూరంలో నిలబడి, పక్కన స్కేలు పట్టుకుని ఫోటో తీయించండి. బడికొచ్చాక పెద్దగా ప్రింటు తీసి, దాని మీద సెంటీమీటరు గళ్లు గీసి, కడప బండ మీద నాలుగింతలు పెద్ద గళ్లలోకి ఎక్కించండి. బండ నున్నటి వైపు రంగు జారిపోతుంది, గరుకు వైపు వాడండి. అక్కడి బొమ్మలు ఎరుపు, తెలుపుల్లోనే ఉన్నాయి కాబట్టి జాజు, సుద్ద చాలు. 100 గ్రాముల తుమ్మబంకను అర లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి కలపండి. ఆరాక వేలికి అంటితే బంక తక్కువైనట్టు, పెచ్చులుగా లేస్తే ఎక్కువైనట్టు. ఆ బండను వరండాలోనే పెట్టుకోండి, వానకు తగలనీయొద్దు.