కాళేశ్వరం పోతున్న బిడ్డకు

చిరంజీవి చిట్టికి మీ మేనత్త ఆశీర్వదించి రాసేది.

నిన్న మీ నాయిన ఫోన్ చేసిండు. మంచిచెడు అడగకముందే "అక్కా, కార్తీక పున్నానికి కాళేశ్వరం పోతున్నం, కారు పిల్లనే తోలుతదట" అన్నడు. ఆ గొంతుల సంబురం ఇక్కడిదాక తాకింది. ఆడపిల్ల సైకిల్ ఎక్కితేనే వాకిట్ల నిలబడి చూసిన కాలం నాది. అల్లునికి సెలవు దొరకకపోయినా నువ్వు వెనుకకు తగ్గకుండ అమ్మను, నాయినను, ఇద్దరు పిల్లలను కూసోబెట్టుకొని హైదరాబాద్ నుంచి 270 కిలోమీటర్లకు పైన పోతనంటివి. వాడకట్టంత చెప్పుకున్న.

ఫోన్ పెట్టేసినంక మాత్రం బువ్వ తినబుద్ధి కాలె. రాత్రి కన్ను మూతపడలె. పున్నమి, ప్రాణహిత నది, చిన్నపిల్లలు, ఈ మూడు ఒక్కతాన చేరితే నా పానం నిలవది. అందుకే కాయిదం పట్టుకున్న. ఫోన్ల అయితే నువ్వు "సరే అత్తా, సరే అత్తా" అనుకుంట ఇంకో పని చూసుకుంటవు.

దారి సంగతి నేను చెప్పేదేముంది. హన్మకొండ, పరకాల, భూపాలపల్లి, కాటారం, మహదేవ్‌పూర్. అడవి తొవ్వల చీకట్ల మాత్రం ప్రయాణం వద్దు. భూపాలపల్లి దాటితే అడవి, ఆ అడవిల ఎదురుంగ ఇసుక లారీలు. అవి పక్కకు జరగవు, నువ్వే జరగాలె. తెల్లారి నాలుగింటికి బయలెల్లితే ఎండ ముదరకముందే చేరుతవు. రూము ఇయ్యాల్నే మాట్లాడుకో, పున్నానికి అక్కడ నిలబడ జాగ దొరకది. పిల్లలకు బట్టలు రెండు జతలు ఎక్కువ పెట్టు, స్వెటర్ పెట్టు. కార్తీకంల తెల్లారుగట్ల నది ఒడ్డున చలి ఎముకలకు పడ్తది.

గుడిల మొదలు యముడికి మొక్కాలె, తర్వాతనే శివుడికి. తొందరల మరిచిపోకు. ఒక్క పానవట్టం మీద రెండు లింగాలుంటయి. కాళేశ్వరుడంటే యముడు, ముక్తేశ్వరుడంటే శివుడు. వెనుకట ముక్తేశ్వరుణ్ణి చూసినోళ్లందరికి ముక్తి దొరుకుతుంటే యముడికి పని లేకుండ పోయిందట. పోయి మొరపెట్టుకుంటే శివుడు తన పక్కనే జాగ ఇచ్చి, ముందు నీకు మొక్కి వచ్చినోళ్లకే నా దగ్గర ఫలం అన్నడట. చిన్నప్పుడు మా అమ్మ ఈ కథ చెప్తే నాకు నవ్వొచ్చేది. ఆ నీళ్ల పక్కన మొదటి దండం యముడికి ఎందుకు పెట్టాల్నో తర్వాత తెలిసొచ్చింది. ముక్తేశ్వర లింగానికి రెండు రంధ్రాలుంటయి. అండ్ల పోసిన నీళ్లు భూమి లోపల్నుంచి పోయి సంగమంల కలుస్తయంటరు. పిల్లలకు అది చూపియ్యి. నేను మీ నాయినను ఎత్తుకొని చూపించిన. "అక్కా, నీళ్లు ఏ తొవ్వ పోతున్నయే" అని గుడి చుట్టు నేల మీద చెవి పెట్టుకుంట తిరిగిండు.

ఇగ నది. ఘాటు మీద నిలబడితే పడమట నుంచి వచ్చేది గోదావరి, ఎదురుంగ ఉత్తరం నుంచి దిగేది ప్రాణహిత. సరస్వతి లోలోపల కలుస్తదని త్రివేణి సంగమం అంటరు, 2025 మే నెలల సరస్వతి పుష్కరాలు చేసింది అందుకే. అందరు గోదావరి స్నానం అంటరు గని, అక్కడ బలమంత ప్రాణహితది. గోదావరిని పైన పోచంపాడు కాడ ఆపుతరు, ఎల్లంపల్లి కాడ ఆపుతరు. ప్రాణహిత మీద అట్ల ఆపే ప్రాజెక్టు లేదు. వార్ధా, వైన్‌గంగ కలిస్తే ప్రాణహిత అయితది. నాగపూర్ దిక్కు కొట్టిన వాన గూడ మెల్లగ ఇక్కడికే వస్తది. మన నెత్తిమీద మబ్బు తునక లేకున్నా, రాత్రి చూసిన మెట్టు తెల్లారేసరికి మునిగి ఉండొచ్చు. ఆకాశం చూసి ఆ నదిని అంచనా వేయకు. 2022 జూలైల వరదొస్తే కాళేశ్వరం ప్రాజెక్టుకు కట్టిన కన్నెపల్లి పంపుహౌసే మునిగింది, అంత పెద్ద గోడలు కట్టినా ఆగలె.

ఇప్పుడు రాసేది మీ నాయిన నీకు చెప్పి ఉండడు.

1974. నాకు 16 ఏండ్లు, మీ నాయినకు 8. ఆ యేడు మా నాయినకు అడవిల పెంచే దసలి పట్టుపురుగుల కాయలు మంచిగ దిగినయి, ఆ మొక్కు తీర్చుకునేదానికి పున్నానికి మూడు ఎడ్లబండ్లు కట్టుకొని మన ఊరి నుంచి పోయినం. రాత్రంత బండిల గడ్డిమీద పండుకొని, మద్ది చెట్ల సందుల నుంచి చందమామను చూసుకుంట పోయినం. తమ్ముడు నా చేతిమీదనే తల పెట్టి నిద్రపోయిండు.

మేం దిగినకాడ మెట్లు లేకుండె. ఇసుక తిన్నె దిగి నీళ్లకాడికి పోవుడే. పొద్దుగూకంగ అమ్మ పొయ్యికి రాళ్లు పేర్చుకుంట "తమ్ముని చెయ్యి ఇడువకు" అన్నది. నేను మోదుగాకు దొప్పల వత్తి వేసి, ఒక చేత్తోని దొప్ప, ఒక చేత్తోని తమ్ముణ్ణి పట్టుకొని నీళ్లల్లకు దిగిన. నది మీదికెల్లి గాలి వస్తున్నది. దీపం ఆరింది. మళ్ల అంటించుకొని వచ్చిన, మళ్ల ఆరింది. నా ఈడు పిల్లల దీపాలన్ని వరుసగ పోతున్నయి. ఆ యేడే నా పెండ్లి మాటలు నడుస్తుండె, దీపం ఆరకుండ దూరం పోతే మంచి ఇల్లు దొరుకుతదని బండిల ఎవరో అన్నరు. అది మనసుల పడ్డది. మూడోసారి అంటించి, గాలికి రెండు చేతులు అడ్డం పెట్టిన.

రెండు చేతులు, బిడ్డా. వాని చెయ్యి ఇడిచిన.

వాడు మోకాలు లోతుల ఉన్నడు. దీపాన్ని దగ్గర్నుంచి చూద్దామని దాని వెంట ఒక్క అడుగు వేసిండు. అల రాలె, సుడి లేదు, నీళ్లు గుంజుకపోలె. కాళ్ల కింద ఇసుక జారింది. మోకాలు లోతు పక్కనే మనిషి లోతు ఉండె. ఇంత చప్పుడు గూడ కాలె. నేను దీపం దిక్కే చూస్తున్న. మంచిగ పోతున్నది, వెలుగు నీళ్లమీద వణుకుతున్నది. "చూసినవారా" అనుకుంట పక్కకు తిరిగిన. వాడు లేడు.

నోరు తెరిచిన గని అరుపు రాలె. అప్పుడు వంతెన లేదు, అవతల మహారాష్ట్రల ఉన్న సిరొంచకు నావలే దిక్కు. అవతలి ఒడ్డు నుంచి జనాన్ని దాటించి వచ్చిన నావాయన ఒకాయన నా మొఖం చూసిండో, నీళ్లు చూసిండో, చేతిల ఉన్న గడ పక్కకు ఇసిరేసి దుంకిండు. ఎంతసేపు పట్టిందో నాకు తెల్వదు. వెంట్రుకలు పట్టి పైకి లేపిండు. ఒడ్డుమీద బోర్ల పండబెట్టి వీపు చరిస్తే నీళ్లు కక్కుకొని, అప్పుడు ఏడ్చిండు మీ నాయిన. నా ముగ్గురు పిల్లలు పుట్టంగ ఏడ్చిన ఏడుపు విన్నప్పుడల్లా నాకు ఆ ఏడుపే గుర్తొచ్చింది. నావాయన "పిల్లగాని చెయ్యి పట్టుకోవాలె గదమ్మా" అన్నడు. అంతే, తడిబట్టలతోనే నావకాడికి పోయిండు. ఆయన పేరు ఎవ్వరం అడగలె.

అమ్మ ఉరికొచ్చింది, వెనుకనే నాయిన. ఏమైందని అడిగితే నేను ఏమన్ననో తెలుసా? "వద్దంటే వినకుండ వాడే లోపలికి పోయిండు" అన్న. మా నాయిన భయానికి కోపమొచ్చి, ఆ తడి అంగీ మీదనే వాని వీపు వాచేటట్టు కొట్టిండు. దెబ్బలు తినుకుంట వాడు నా దిక్కు చూసిండు. "అక్కనే ఇడిచింది" అంటే అయిపోతుండె. అనలె. ఆ రాత్రి బండిల మళ్ల నా చేతిమీదనే పండుకున్నడు. ఇన్నేండ్లల్ల ఒక్కనాడు గూడ ఆ మాట తియ్యలె.

2003ల గోదావరి పుష్కరాలకు మనమంత ధర్మపురి పోయినం, యాదికున్నదా? అందరం మునుగుతుంటే మీ నాయిన మెట్టుమీద కూసోని చెంబుతోని పోసుకున్నడు. నువ్వు నీళ్లు చిలకరించుకుంట "నాయినకు నీళ్లంటే భయం" అని పాట పాడినవు. చిన్నపిల్లవు, నీ తప్పేం లేదు. పక్కనే ఉండి నిన్ను ఆపని తప్పు నాది.

అసుంటి మనిషి ఇప్పుడు మనుమలను తీసుకొని ఆ ఒడ్డుకే వస్తనన్నడు. మనుమల మీది పావురమే ఆయనను నడిపిస్తున్నది. అందుకే చెప్తున్న, చెవి పెట్టి విను. ఘాటు మెట్ల మీదనే స్నానం. మెట్టు ఉన్నంతదూరం కాలికింద ఏమున్నదో తెలుస్తది, మెట్టు అయిపోయినంక తెల్వది. ఒక్కరు ఒక్క పిల్లనే చూడాలె, పెద్దదాన్ని నువ్వు, చిన్నోణ్ణి మీ అమ్మ. వేళ్లు కాదు, మణికట్టు పట్టుకోవాలె, తడిసిన వేళ్లు జారుతయి. మీ నాయినకు పిల్లలను అప్పజెప్పకు. ఆయన సక్కగ చూడడని కాదు, ఆ ఒడ్డు మీద ఆయనకు ఆ బరువు వద్దు. ఆయన కూసుంటనంటే కూసోనియ్యి, చెంబు చేతికియ్యి. దీపం ఒక్కరే ఇడువాలె, తక్కినోళ్లు పిల్లలను పట్టుకొని చూడాలె. ఆరిపోతే పోనియ్యి. ఫోటో తియ్యాలన్నా రెండు చేతులు కావాలె, అది గూడ యాదికి పెట్టుకో. ఫోటోలు గుడికాడ తీసుకోండ్రి. నావ ఎక్కుతమంటే లైఫ్ జాకెట్ ఇచ్చినంకనే కాలు పెట్టాలె, పిల్లల సైజుది లేదంటే దిగి రావాలె, ఇచ్చిన పైసలు పోయినా సరే.

నీ పెద్దబిడ్డ గోదావరి మీద కట్టిన మేడిగడ్డ బరాజ్ చూడాలని అడుగుతున్నదట. చూపియ్యి, గని రోడ్డు మీదికెల్లి చూపియ్యి, కిందికి దిగకండ్రి. 2019ల అది మొదలైనంక నీళ్లు నిలిచి సంగమం ఎండకాలం గూడ నిండుగ కనబడె. 2023 అక్టోబర్‌ల పిల్లర్లు కుంగినంక గేట్లు ఎత్తిండ్రు, మళ్ల పాత ఇసుక తేలింది. ఇసుక చూస్తే పిల్లలకు ఆడబుద్ధయితది, పెద్దోళ్లకు నడువబుద్ధయితది. 2025 జూన్‌ల అక్కడ స్నానానికి దిగిన ఆరుగురు పోరగాండ్లు మళ్ల రాలె. ఆ వార్త చదివిన రోజు నేను పొయ్యి వెలిగించలె. వాళ్ల తల్లుల మొఖాలు నేను చూడలె, గని ఆ ఒడ్డు మీద మా అమ్మ మొఖం చూసిన.

పొద్దుంటే సిరొంచ దాక పోయి రాండ్రి. మహారాష్ట్ర అన్నమాటే గని ఇండ్లల్ల, అంగట్ల తెలుగే వినబడ్తది. వంతెన మీద మాత్రం కారు ఆపకు. వచ్చేటప్పుడు మహదేవ్‌పూర్‌ల దసలి పట్టు చీర ఒకటి మీ అమ్మకు కొను, పైసలు నేనిస్త. చీర చేతిల పట్టుకున్నప్పుడు పిల్లలకు చెప్పు, మీ ముత్తాత మద్ది చెట్ల మీద ఈ పురుగులను పెంచి, పిట్టలు తినకుండ అడవిల కావలి పండుకున్నడని. పిల్లల మీద చెయ్యి లేపే మనిషి కాదు మా నాయిన. ఆ ఒక్కనాడే, అది గూడ నా మాట నమ్మి.

దొప్ప ఒకటి ఎక్కువ తీసుకపో. సిరొంచ దిక్కు మొఖం పెట్టి ఆ నావాయన కోసం ఇడువుండ్రి. ఎవరి పేరు మీద అని పంతులు అడిగితే, తమ్ముణ్ణి తెచ్చిచ్చినాయన అని చెప్పు.

ఇంకొక్క పని, నాకు చాతకానిది నీకు చెప్తున్న. ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదివి దాచిపెట్టకు. మహదేవ్‌పూర్ దాటినంక చెట్టు నీడ చూసి కారు పక్కకు ఆపు. పిల్లలను మీ అమ్మతోని కిందికి దించు. మీ నాయినకు ఇది మొత్తం చదివి వినిపియ్యి, నేను ఆడిన అబద్ధం గూడ. ఫోన్ల చెప్దామని ఎన్నోసార్లు పట్టుకున్న. "తమ్మీ" అనంగనే గొంతు మూసుకపోతది, ఆయన "ఏమైందక్కా, పానం మంచిగున్నదా" అని అడుగుతడు, నేను మోకాళ్ల నొప్పులు చెప్పి పెట్టేస్త.

చదివినంక నాకు ఫోన్ చేసి ఆయన చేతికియ్యి. ఆనాడు పొద్దటి నుంచి ఫోన్ దగ్గరనే కూసోని ఉంట.

మీ మేనత్త