ఖ్మేర్, డచ్ భాషలను పోల్చబోతున్న భార్గవికి

చిరంజీవి భార్గవికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఎం.ఏ. వ్యాసానికి ఖ్మేర్, డచ్ భాషల పోలికను ఎంచుకున్నావని చదివి మీ పెద్దమ్మ నవ్వింది. నాకు మాత్రం సంతోషం వేసింది. ఒకటి కంబోడియాలో మాట్లాడే ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబపు భాష, రెండోది నెదర్లాండ్స్, ఉత్తర బెల్జియం, దక్షిణ అమెరికాలోని సూరినామ్‌లలో చలామణిలో ఉన్న, ఇంగ్లీషు, జర్మన్‌లతో చుట్టరికం గల జర్మానిక్ కుటుంబపు భాష. ఖ్మేర్, డచ్‌ల మధ్య చుట్టరికం లేదు కాబట్టి మూలభాష కోసం తవ్వే పని నీకు తప్పింది. మన మచిలీపట్నానికి వచ్చిన డచ్చి వర్తకులు 17వ శతాబ్దంలోనే కంబోడియాకూ వెళ్లారు. ఆ కథ బాగుంటుంది, కానీ నీ వ్యాసంలోకి రానివ్వకు. బేరసారాలు జరిగినంత మాత్రాన వ్యాకరణాలు కలిసిపోవు.

నువ్వు పంపిన పట్టిక చూశాను. లింగం: డచ్‌లో ఉంది, ఖ్మేర్‌లో లేదు. బహువచన ప్రత్యయం: ఉంది, లేదు. క్రియకు కాలప్రత్యయం: ఉంది, లేదు. ఇలా రాసుకుంటూ పోతే ఖ్మేర్‌కు అసలు వ్యాకరణమే లేదేమో అనిపిస్తుంది. ప్రశ్నలన్నీ యూరప్ వ్యాకరణాల నుంచి తెచ్చుకుంటే జవాబులు అలాగే వస్తాయి మరి. పట్టికను పక్కన పెట్టి ఒక్క వాక్యం పట్టుకో: "నిన్న నేను రెండు పుస్తకాలు చదివాను."

డచ్‌లో "ఖిస్టెరెన్ హెప్ ఇక్ ట్వే బూకెన్ ఖెలేజెన్" అంటారు. "నిన్న" వాక్యం మొదట్లోకి రాగానే కర్త క్రియ వెనక్కి జరిగింది, ఎందుకంటే ప్రధానవాక్యంలో కాలాన్ని మోసే క్రియ రెండో స్థానం వదలదు. ఇక్కడ సహాయక్రియ "హెప్" రెండో చోట, అసలు క్రియ "ఖెలేజెన్" చిట్టచివర, మధ్యలో పుస్తకాలు. అదే వాక్యాన్ని ఎందుకంటే అనే అర్థమున్న "ఓమ్‌డాట్"తో మొదలుపెట్టి చూడు, క్రియలన్నీ చివరికి పోతాయి. అక్కడ తెలుగువాళ్లకు ప్రాణం లేచివస్తుంది.

ఖ్మేర్‌లో "మ్సెల్‌మెఞ్ ఖ్ఞోం బాన్ ఆన్ సియఫౌ పీ క్బాల్". పుస్తకం అన్న మాట "సియఫౌ" మారలేదు, చదువు అన్న మాట "ఆన్" మారలేదు. కానీ సంఖ్య నామవాచకం వెనక వచ్చింది, దాని వెనక "క్బాల్" వచ్చింది. దానికి తల అని అర్థం; పుస్తకాలను, పశువులను తలల లెక్కన చెబుతారు. మనుషులకైతే "నెయక్" వేరే ఉంది. మనం రెండు పుస్తకాలు, ఇద్దరు మనుషులు అని సంఖ్యనే మార్చినట్టు వాళ్లు లెక్కమాటను మారుస్తారు. "బాన్" పని జరిగిందని చెబుతుంది, అయితే "నిన్న" ఉంది కాబట్టి అది తప్పనిసరి కాదు. డచ్‌లో ఆ వెసులుబాటు లేదు, నిన్న అని చెప్పినా క్రియ మళ్లీ చెప్పాల్సిందే. నీ వ్యాసం రాయాల్సింది ఇక్కడి నుంచి: ఒకే విషయం చెప్పడానికి ఏ భాష దేన్ని తప్పనిసరి చేస్తుంది, దేన్ని మాట్లాడేవాళ్లకు వదిలేస్తుంది.

తరువాత భోజనం దగ్గరికి వెళ్లు. డచ్‌లో రాజు తిన్నా రైతు తిన్నా "ఏటెన్" ఒక్కటే, పశువుకు "వ్రేటెన్". ఖ్మేర్‌లో మామూలుగా "ఞాం", మర్యాదగా "పిసా", బౌద్ధ భిక్షువుకు "ఛాన్", రాజుకు "సావోయ్", జంతువుకు "సీ". పిలుపులూ అంతే. అన్నా అక్కా అయితే "బాంగ్", పిన్ని వయసామె "మింగ్". డచ్ ఒక్కరితో మాట్లాడేటప్పుడు "యే" (నువ్వు), "ఊ" (మీరు) అనే రెండు సర్వనామాలతో సర్దుకుంటుంది. సరళమైన భాష అన్న మాట వ్యాసంలో ఎక్కడ రాశావో అక్కడల్లా కొట్టెయ్.

పదనిర్మాణానికి ఒక్క జత చాలు. ఖ్మేర్‌లో "రియన్" అంటే నేర్చుకోవడం, "బాంగ్రియన్" అంటే నేర్పడం. "స్లాప్" చావడం, "సమ్లాప్" చంపడం. మన ప్రేరణార్థకం (చేయు నుంచి చేయించు లాంటిది) మాట చివర చేరితే వాళ్లది ముందో మధ్యలోనో చేరుతుంది. డచ్‌లో "లేరెన్" నేర్చుకోవడానికీ నేర్పడానికీ ఒకటే, వాక్యాన్ని బట్టి తెలుసుకోవాలి. ప్రత్యయాలున్నది డచ్, లేనిది ఖ్మేర్ అన్న నీ మొదటి వాక్యం ఇక్కడ తలకిందులైంది చూడు.

లిపి విషయంలో జాగ్రత్త. ఖ్మేర్ లిపి పల్లవ లిపి నుంచి వచ్చింది, మన వత్తుల్లాగే అక్షరం కింద అక్షరం వేస్తారు. చూడగానే మనదే అనిపిస్తుంది, చదవబోతే మోసం చేస్తుంది. "క" అక్షరానికి దీర్ఘం ఇస్తే "కా", ఒకప్పటి "గ" అక్షరానికి అదే దీర్ఘం ఇస్తే "కియ". పాత సరళాలు పరుషాలైపోయాయి, వాటి తేడా పక్కనున్న అచ్చులోకి దిగింది. డచ్‌లోనూ కుక్కను "హొండ్" అని రాసి "హొంట్" అని పలుకుతారు. రెండూ ఒకటే అని సంబరపడకు. డచ్‌లో బహువచనం "హొండెన్" అనగానే ఆ డకారం తిరిగి వస్తుంది, అంటే అది ఇప్పటికీ నడుస్తున్న నియమం. ఖ్మేర్‌లో జరిగిపోయిన చరిత్ర. ఈ రెంటినీ వేర్వేరు పేరాల్లో పెట్టు.

ఉదాహరణలు ఇంగ్లీషు వాక్యాలకు అనువాదాలుగా అడగవద్దు, అలా అడిగితే రెండు భాషలూ ఇంగ్లీషు నడకే నడుస్తాయి. ఏదైనా బొమ్మ చూపించి చెప్పమను, రికార్డు చేసుకో, ప్రతి ముక్క కిందా తెలుగులో అర్థం రాయి. డచ్‌కు నెదర్లాండ్స్ మనిషి ఒకరు, బెల్జియం మనిషి ఒకరు ఉంటే మంచిది. ఉపవాక్యం చివర "ఖెలేజెన్ హెప్", "హెప్ ఖెలేజెన్" అనే రెండు వరసలూ ఒప్పే, ఎవరు ఏది ఎంచుకుంటారో అడుగు. ఖ్మేర్ మాట్లాడేవారిని "నిన్న" తీసేసి "బాన్" లేకుండా ఆ వాక్యం చెప్పమను, ఏమని అర్థమైందో రాసుకో. ఆ జవాబులు దసరా సెలవుల్లోగా పంపితే మిగతాది చూద్దాం.

మీ పెదనాన్న